బిందెపైని పేరు

ఇంటిని చూచి ఇల్లాలిని చూడవలెనని తెలుగునాట ఒక సామెత కలదు. గడపకు పూసిన పసుపును, వాకిట తీర్చిన ముగ్గును, వంటింటి బల్లపై తళతళలాడు చెంబుల వరుసను చూచి లోకము ఇల్లాలి నేర్పును నిర్ణయించును. కాని ఆ చెంబును కొన్నది ఎవరు? ఎవరి ధనముతో, ఎవరి ఇష్టము ననుసరించి అది ఇంటికి వచ్చినది? ఈ ప్రశ్నను సామెత అడుగదు. ఇంటికి వచ్చిన మంచి పేరైనను చెడ్డ పేరైనను ఇల్లాలిది. డబ్బుసంచి మాత్రము మరియొకరి చేతిది. చిరకాలము సాగిన ఈ ఏర్పాటు మారి, భార్యాభర్తలిరువురు కూర్చుండి, ఈ నెల ఏది కొనవలెను, ఏది మానవలెను అని తర్కించుకొను స్థితి ఏర్పడుటకు వెనుక సుదీర్ఘమైన చరిత్ర కలదు. ధర్మశాస్త్రములు, న్యాయస్థానములు, పత్రికలు, రాట్నములు, ప్రభుత్వపు క్వార్టర్లు, అన్నియు అందు పాత్రధారులే.

ఈ కథను ఒక ఇత్తడి బిందెతో మొదలుపెట్టవచ్చును. పెండ్లికూతురు అత్తవారింటికి తరలునపుడు వెంట సారె వెళ్ళుట తెలుగువారి ఆచారము. బిందెలు, గంగాళము, కాగు, మరచెంబులు, పళ్ళెములు, శక్తి కలవారైనచో మంచము, పెట్టె, వీనితోపాటు పసుపు, కుంకుమ, పిండివంటలు. ఆ బిందె మెడచుట్టును ఉలితో చుక్కచుక్కగా ఒక పేరు చెక్కింపబడి యుండెడిది. కొన్నిట అది కూతురి పేరు; కొన్నిట ఇచ్చిన పుట్టింటివారి పేరు. ఇరుగుపొరుగు ఇండ్ల పెండ్లిండ్లకు పాత్రలు ఎరువిచ్చుట వాడుక కనుక, పంక్తులు ముగిసిన పిమ్మట ఎవరి పాత్ర ఎవరిదో తెలియుటకు ఈ పేరు ఉపకరించెడిది. కాని దాని అర్థము అంతటితో తీరలేదు. అక్షరజ్ఞానమునకు నోచుకొనని ఇల్లాండ్రకు సైతము తమ పేరు శాశ్వతముగా వ్రాయబడిన తావు ఆ బిందె యొక్కటియే. ఇంటి పత్రముపై ఆమె పేరు లేదు. పొలము పట్టాపై లేదు. బిందెపై కలదు.

అట్టి సొత్తునకు మన ధర్మశాస్త్రకారులు స్త్రీధనమని పేరు పెట్టిరి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ చక్రవర్తి 1076 మొదలు 1126 వరకు పాలించెను. స్త్రీధనమనగా పెండ్లినాడు అగ్నిసాక్షిగా ఇచ్చినది, పుట్టింటివారు ఇచ్చినది మాత్రమే కాదనియు, వారసత్వము వలన, క్రయము వలన, విభాగము వలన, మరి ఏ ధర్మ్యమైన మార్గమున ఆమెకు వచ్చినను అది ఆమె ధనమే యగుననియు విజ్ఞానేశ్వరుడు విశాలముగా అర్థము చెప్పెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రము నంకిత మిచ్చిన కేతన ఈ ధర్మశాస్త్రమునే విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగు సాహిత్యపు తొలినాళ్ళలోనే ఆస్తి తగవులకు సంబంధించిన గ్రంథము దేశభాషలోనికి వచ్చుట గమనింపదగిన విషయము.

అయినను శాస్త్రము ఒక చేత ఇచ్చినదానిని మరియొక చేత కొంత వెనుకకు తీసికొనెను. బంధువులు ప్రీతితో ఇచ్చిన సౌదాయికముపై ఆమెకు పూర్తి స్వాతంత్ర్యము కలదని కాత్యాయనాదులు చెప్పిరి. కాని భర్త జీవించియుండగా ఆమె తన చేతిపనితో గడించిన ధనముపై పెత్తనము భర్తదే యనిరి. అనగా పుట్టింటి బిందె ఆమెది. రాట్నము వడకి సంపాదించిన నాలుగు కాసులు ఆమెవి కావు. కరవున, ధర్మకార్యమున, వ్యాధిలో, చెరలో చిక్కినపుడు భర్త స్త్రీధనమును వాడుకొన్నచో తిరిగి ఇయ్యనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు వెసులుబాటు కల్పించెను. ఈ నాలుగు ఆపదలే ఆచరణలో నలుబదిగా పెరిగినవి. మగని వ్యాజ్యమైనను, మరది చదువైనను, ఆడబిడ్డ పెండ్లియైనను మొదట కుదువకు పోయినది ఇల్లాలి వడ్డాణమే. తెలుగునాట ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద కొద్దిపాటి భూమి నిచ్చు ఆచారము కలదు. ఆ భూమి పేరునకు ఆమెది. శిస్తు కట్టుట, కౌలుకిచ్చుట, పంట అమ్ముట పురుషుల పని.

ఉమ్మడి కుటుంబమున కొనుగోలు అను క్రియ దంపతులది కానే కాదు. పండుగకు బట్టలు కావలసివచ్చినచో ఇంటి పెద్ద అంగడినుండి తాను తెప్పించెడివాడు; అందుండియే పిల్లలందరకు చొక్కాలు, పరికిణీలు. కోడలికి ఏదైన కావలెనన్న అత్తగారితో మనవి చేసికొనవలెను. అత్తగారు మామగారి చెవిని వేయవలెను. పదిమంది యెదుట భర్తతో మాటలాడుటయే మర్యాద కాదనుకొన్న దినములలో, పందిరిమంచమునకు ఏ రంగు వేయించవలెనని అతనితో చర్చించుట ఊహింపరాని సంగతి. ఆమె స్వేచ్ఛగా అలంకరింపగలిగినవి మూడు: వాకిలి, గడప, పూజాగృహము. ఆ మూడింటికి కావలసినవి బియ్యపుపిండి, సున్నము, జేగురు, పసుపు. వీనికి వేరుగ డబ్బు అక్కరలేదు. తెలుగు స్త్రీ అలంకరణకళ అంతయు ముగ్గులోనికి ప్రవహించుటకు ఆమె సౌందర్యదృష్టి యెంత కారణమో, చేతిలో కాసు లేకపోవుట కూడ అంత కారణము.

ఆంగ్లేయుల పాలనలో ఈ విషయము మరింత చిక్కుపడెను. విజ్ఞానేశ్వరుని విశాలమైన నిర్వచనమును ప్రీవీ కౌన్సిలు అంగీకరింపలేదు. స్త్రీకి వారసత్వముగా వచ్చిన ఆస్తి స్త్రీధనము కాదనియు, ఆమె దానిని జీవితాంతము అనుభవింపవచ్చును గాని స్వేచ్ఛగా అమ్మరాదనియు తీర్పులు వెలువడెను. పురుషుని స్థితియు విచిత్రమే. ఉమ్మడి సొమ్ముతో చదువుకొన్నవాని జీతము ఉమ్మడి ఆస్తియేనను వాదము బలముగ నుండెను. 1921లో ప్రీవీ కౌన్సిలు ఒక ఐ.సి.ఎస్. ఉద్యోగి సంపాదనను సైతము ఉమ్మడి కుటుంబపు సొత్తుగా నిర్ణయించెను. భార్యకు తన వడ్డాణముపై సందేహము. భర్తకు తన జీతముపై సందేహము. ఇట్టి ఇరువురు కలిసి కూర్చుండి దేనిని గూర్చి నిర్ణయింపగలరు?

చట్టము మారుటకు పూర్వమే మనస్సులు మారుట మొదలిడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొరకు 1883లో సతీహితబోధిని పత్రికను ప్రారంభించిరి. వారి సంస్కరణోద్యమమున భార్య రాజ్యలక్ష్మమ్మగారు నీడవలె మాత్రమే నిలువలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగిన కాలమున వంటవారు, నీళ్ళు మోయువారు ఆ ఇంటిని విడిచిపోగా, ఆమెయే వంట చేసి, గోదావరినుండి బిందెలతో నీరు మోసి తెచ్చిరి. దాంపత్యమనగా ఒక పనికి ఇరువురు భుజము నిచ్చుట యని ఆంధ్రదేశము ఆ ఇంట కన్నులార చూచెను.

1902లో హిందూసుందరి పత్రికలో భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి కథ వెలువడెను. చిన్న జీతగాడైన ఒక భర్త, దీపావళి పండుగ, చేతిలో పైకము లేకపోవుట అందలి వస్తువు. భార్యకు పండుగ ముచ్చట తీర్చవలెనను ఆత్రముతో భర్త యజమాని సొమ్మునకు ఆశపడగా, ఆ సొమ్ముతో వచ్చు పండుగ తనకు వలదని భార్య అతనిని మరలించును. నీతికథగా దానిని చదివినవారు పెక్కురు. కాని గృహచరిత్ర దృష్టితో చూచినచో అందొక క్రొత్త దృశ్యము కలదు. ఇంటికి ఏమి రావలెను, ఏమి రాకూడదు అను విషయమున ఇల్లాలు తన అభిప్రాయమును సూటిగా చెప్పుటయు, భర్త దానిని వినుటయు. అత్తమామల మధ్యవర్తిత్వము లేదు; మాటలాడినవారు ఇరువురే.

స్వాతంత్ర్యోద్యమము ఈ సంభాషణను ఇంటింటికి తెచ్చెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, దేశమున ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. సీమగుడ్డయా, ఖద్దరా అనునది వేదికలపైని ప్రశ్నగానే నిలువలేదు. పండుగబట్టల ప్రశ్న అయ్యెను. పక్కదుప్పటి ప్రశ్న అయ్యెను. ఖద్దరు మోటుది, బరువైనది, వెలయు హెచ్చు. దానిని ఉతికి ఆరవేయవలసినది ఇల్లాలు. ఆమె సమ్మతి లేనిదే ఖద్దరు ఇంటిలో నిలువనేరదు. ఆ యేడే మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలను గాంధీజీకి సమర్పించినది. ఇట్టి దానములలో లోకము త్యాగమును చూచెను. న్యాయదృష్టితో చూచువానికి మరియొక విశేషము తోచును: ఇచ్చుట అనునది హక్కు కలవారు చేయు పని. నగలు తమవి యని లోకమునకు తెలుపుటకు వానిని విడిచిపెట్టుటకన్న గట్టి సాక్ష్యము లేదు.

1930లో విద్యార్జిత ధనమునకు సంబంధించిన హిందూ చట్టము వచ్చెను. ఎవరి ఖర్చుతో చదివినను, విద్యవలన గడించిన జీతము గడించినవానిదే యని అది స్పష్టము చేసెను. ఈ చిన్న చట్టము జీతగాండ్ర ఇండ్లలో తెచ్చిన మార్పు చాల గొప్పది. నెల మొదటి తేదీన చేతికి వచ్చు పైకము ఇక ఊరిలోని పెద్దల లెక్కపుస్తకమునకు చట్టరీత్యా చేరవలసినది కాదు. ఊరికి మనియార్డరు పంపుట ధర్మముగా మిగిలెను గాని, మిగిలిన సొమ్మును ఎట్లు వెచ్చింపవలెనో నిర్ణయించు భారము అతనిపై, అతనితో కాపురమున్న ఆమెపై పడెను. 1937లో వచ్చిన మరియొక చట్టము భర్త ఆస్తిలో వితంతువునకు కుమారునితో సమానమైన భాగము నిచ్చెను. అయితే అది జీవితకాలమునకు పరిమితమైన హక్కు.

ఇదే కాలమున ఉత్తరమున ఒక క్రొత్త నగరము లేచినది. 1931 ఫిబ్రవరి 13వ తేదీన న్యూఢిల్లీ ప్రారంభోత్సవము జరిగెను. గోల్ మార్కెటు పరిసరములలో గుమాస్తాల ఇండ్లు, 1940 దశకమున లోడీ కాలనీ, స్వాతంత్ర్యము తరువాత వినయనగరము, సేవానగరము, రామకృష్ణపురము మున్నగు కాలనీలు ఏర్పడెను. గోదావరి, కృష్ణా, పెన్నా తీరములనుండి ఉద్యోగమునకై వచ్చిన యువకులు మొదట ఒంటరిగా నుండి, క్వార్టరు దొరకిన పిమ్మట భార్యను రప్పించుకొనెడివారు. ఆమె వెంట రైలులో రెండు బిందెలు, రోలు కాకున్న రోకలి, ఆవకాయ జాడీ వచ్చెడివి. అత్తగారు రాలేదు.

ఈ చివరి మాటలో చరిత్ర కలదు. రెండు గదుల క్వార్టరులో దంపతులు తప్ప పెద్దలు లేరు. కుర్చీ కొనవలెనా, కుక్కి మంచము కొనవలెనా అని అడుగుటకు మరియొకరు లేరు. భర్త కార్యాలయమునుండి తిరిగి వచ్చునప్పటికి అంగళ్ళు మూయు వేళ కావచ్చును. కనుక ఆమెయే బజారునకు పోవలసివచ్చెను. కార్యాలయమున ఇంగ్లీషుతో కాలము గడుపు భర్తకన్న, కూరలబండివానితో బేరమాడు భార్యకే ముందుగా హిందీ అలవడిన ఇండ్లు అనేకము. భాష వచ్చిన పిమ్మట వెల తెలిసెను. వెల తెలిసినవారి మాటకు ఇంటిలో విలువ పెరిగెను. ఈ విధముగా, ఏ సంస్కర్తయు ఉపన్యసింపకుండగనే, బదిలీ ఉత్తరువు ఒకటి వచ్చి తెలుగు దంపతులను ఎదురెదురుగా కూర్చుండబెట్టినది.

ఇంటి అలంకరణము మరియొక సమస్య. గోడలు ప్రభుత్వమువి. వానికి సున్నము వేయించువారు కేంద్ర ప్రజాపనుల శాఖవారు. రంగు వారు నిర్ణయించినదే. రేపు బదిలీ యైనచో విడిచిపోవలసిన గోడపై ఎవరును ఖర్చు పెట్టరు. అందువలన అలంకరణమంతయు పెట్టెలో మడిచి తీసికొనిపోదగిన వస్తువులకు మళ్ళినది: కిటికీతెరలు, మంచముపై దుప్పట్లు, బొమ్మలు, దేవుని పటములు. కిటికీకి తెర కట్టుట పల్లెటూరి తెలుగు ఇంటికి క్రొత్త. కాని తెరగుడ్డ తెలుగువారికి క్రొత్త కాదు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిన నాటినుండి కృష్ణాతీరపు కలంకారీ వస్త్రములు ఓడలనిండ యూరపునకు తరలెను. చిరివేరుతో ఎరుపెక్కిన ఆ బట్టలతో అచ్చటి ధనికులు పడకగదులను అలంకరించుకొనిరి. ఆ మోజునకు బెదరి ఫ్రాన్సు 1686లో అద్దకపు వస్త్రములను నిషేధించెను. 1721లో ఇంగ్లండు పార్లమెంటు దుస్తులకే కాక పక్కలకు, కుర్చీలకు, కిటికీతెరలకు కూడ వానిని వాడరాదని శాసనము చేసెను. మచిలీపట్టణపు నేతగాని ఇంటి కిటికీకి తెర లేదు; అతని చేతిపని మాత్రము పరదేశపు పార్లమెంటును కలవరపెట్టినది. మూడు శతాబ్దముల పిమ్మట ఆ కలంకారీయే ఢిల్లీలో తెలుగు గుమాస్తా కిటికీకి చేరుట ఒక విధమైన ఋణము తీరుటయే.

ఆ చేరుటకు స్వతంత్ర ప్రభుత్వము తోడ్పడెను. 1952లో అఖిలభారత హస్తకళల మండలి, అఖిలభారత చేనేత మండలి ఏర్పడెను. కమలాదేవీ చటోపాధ్యాయగారి కృషివలన ఢిల్లీలోని కుటీరపరిశ్రమల విక్రయశాల దేశమందలి పనివారల వస్తువులకు నెలవయ్యెను. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి బొమ్మలు, లక్కపూత మెరయు ఏటికొప్పాక బొమ్మలు, నిర్మల్ చిత్రములు స్వదేశమున ఊరి సంతకో తీర్థమునకో చెందినవి. ఢిల్లీలో అవి తెలుగుదనమునకు గుర్తులైనవి. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చవలెనన్న ఇల్లాలి కోరికకు భర్త సెలవుపై ఊరికి పోయినపుడు కొండపల్లి బొమ్మలు తెచ్చుటయు, ఆమె పాత పెట్టెలను పేర్చి మెట్లు కట్టుటయు ఇరువురి పని. సిమెంటు గచ్చుపై సుద్దతో తీర్చిన ముగ్గు మరునాటికి తుడిచికొని పోయినను, ఆ ఇల్లు ఎవరిదో మెట్లెక్కువారికి చెప్పకయే చెప్పెడిది.

అయితే అన్నిటికిని హద్దు జీతము. మొదటి వేతన సంఘము సిఫారసు ననుసరించి కనీసపు రాబడి నెలకు 55 రూపాయలు. రెండవ వేతన సంఘము 1959లో దానిని 80 రూపాయలుగ నిర్ణయించెను. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు చేసిన సమ్మెలో కరవుభత్యము ముఖ్యమైన కోర్కెలలో నొకటి. ఇట్టి రాబడిలో కుట్టుమిషను ముందా, రేడియో ముందా అను ప్రశ్న వినోదమునకు వేసినది కాదు. కలకత్తాలో 1930 దశకమున పుట్టిన ఉషా మిషను ఇంటిలో ఉన్నచో పిల్లల బట్టల కుట్టుకూలి మిగులును; పొరుగువారికి కుట్టినచో నాలుగు రూపాయలు వచ్చును. రేడియోకు వెలయే కాక, ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కట్టవలెను; ఆ లైసెన్సులు 1980 దశకమున రద్దయినవి. కాని ఢిల్లీనుండి ప్రసారమగు తెలుగు వార్తలు వినబడునది రేడియోలోనే. ఒకటి ఇంటి పొదుపు, మరియొకటి ఇంటి భాష. 1959లో ప్రెషర్ కుక్కరులు దేశీయముగా బజారునకు వచ్చినపుడు మూడవ ప్రశ్న చేరెను: అది వంట గ్యాసు లేని ఇండ్లలో బొగ్గును, ఇల్లాలి గంటలను మిగుల్చును. ఆ గంటల విలువను లెక్కపుస్తకములో ఏ వరుసలో వ్రాయవలెనో పురుషులకు తోచలేదు. దానిని వాదించి గెలిచినది స్త్రీలే.

లెక్కపుస్తకమే ఆ యేండ్లలో తలక్రిందులైనది. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు పదునారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు నుండి తూనికలలో మెట్రిక్ పద్ధతి ప్రవేశించెను. ఆంధ్రదేశపు వీశె సుమారు 1.4 కిలోలు, ఢిల్లీ సేరు సుమారు 933 గ్రాములు. ఊరిలో వీశెలతో, ఢిల్లీలో సేరులతో లెక్క నేర్చిన ఇల్లాలు ముచ్చటగా మూడవ లెక్కకు మారవలసివచ్చినది. అణాకు ఆరుంబావు నయాపైసలు. ఆ పావును అంగడివాడు తనకు అనుకూలముగ కలుపుకొనెడివాడు. సాయంకాలము దీపము క్రింద భర్త హెచ్చవేత చేయగా, భార్య జ్ఞాపకమునుండి వెలలు చెప్పెడిది. దేశము దశాంశ పద్ధతిని నేర్చిన పాఠశాలలలో ఇండ్ల వంటగదులు కూడ చేరును.

ధరలు పెరిగిన కొలది సహకారము అవసరమయ్యెను. 1963లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల వినియోగదారుల సహకార సంఘము ఏర్పడెను. కేంద్రీయ భండార్ అను పేర అది ప్రసిద్ధము. 1966 జూన్ 6వ తేదీన డాలరునకు 4.76 రూపాయలుగ నున్న మారకపు వెల 7.50కి మారెను. మరుసటి నెల కన్నాట్ ప్లేసులో సూపర్ బజారు తెరవబడెను. అది తరువాతి కాలమున మూతపడినను, అప్పటి జీతగాండ్రకు ఒక క్రొత్త అనుభవము నిచ్చినది: చీటీపై వెల వ్రాసియున్న వస్తువును దంపతులిరువురు చేతితో తాకి, పోల్చి, బేరము లేకుండ తీసికొనుట. బేరమాడు నేర్పు ఇరువురిలో ఒకరిదే కావచ్చును. వెల చీటీని చదువుట ఇరువురికి సాధ్యము.

ఇంతలో బిందెకు ముప్పు వచ్చెను. 1960 దశకమున స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు తెలుగిండ్లలో ఇత్తడి స్థానమును ఆక్రమింపసాగెను. ఇత్తడికి చింతపండుతో తోముడు, ఏటేట కళాయి. స్టీలుకు ఈ బాధ లేదు. పాత ఇత్తడిని తూకమునకు తీసికొని స్టీలు నిచ్చు వర్తకులు వీధులలోనికి వచ్చిరి. నీరు మోయు ఇల్లాలికి తేలికయైన బిందె కావలసియుండవచ్చును. భర్తకు ఇల్లు ఆధునికముగ కనబడవలెనని యుండవచ్చును. కాని పాత బిందె మెడపై ఆమె పేరున్నది, తల్లి చేతి స్పర్శ యున్నది. దానిని తూకమునకు వేయుటకు మాట ఎవరిది? కలిసి నిర్ణయించుట అను మాటకు ఇక్కడ అసలైన పరీక్ష ఏర్పడినది. ఇద్దరి సొమ్ముతో కొను వస్తువు విషయమున ఇద్దరి మాట చెల్లవలెను. ఒకరి సొత్తును విడుచు విషయమున ఆ ఒకరి మాటయే చెల్లవలెను. ఈ భేదమును గుర్తింపని ఐకమత్యము పైకి అందముగ కనబడు పెత్తనమే.

చట్టము ఈ భేదమును క్రమముగ గుర్తించెను. 1956 జూన్ 17వ తేదీన అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టపు 14వ విభాగము, స్త్రీ వారసత్వమున పొందినను, విభాగమున పొందినను, కొన్నను, కానుకగ అందుకొన్నను, స్వయముగ శ్రమించి గడించినను, ఆ ఆస్తికి ఆమెయే పూర్ణయజమానురాలని చెప్పెను. విజ్ఞానేశ్వరుని జాబితా ఎనిమిది శతాబ్దములు దాటిన పిమ్మట తిరిగి వచ్చినది. చేతిపనితో గడించిన ధనమును గూర్చిన పాత లోటు కూడ తీరినది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చెను. 1985లో సుప్రీంకోర్టు, స్త్రీధనము భర్తచేతిలో నున్నను అది భార్య సొత్తే యనియు, అతడు దానికి ధర్మకర్త వంటివాడు మాత్రమే యనియు తీర్పు చెప్పెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు నిచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి ఆ హక్కు దేశమంతటికి విస్తరించెను. మహమ్మదీయ, క్రైస్తవ కుటుంబములకు వేరు చట్టములు వర్తించును. మహరు భార్య స్వంతమనుట ఇస్లాము ధర్మశాస్త్రమున మొదటినుండియు ఉన్న నియమము.

కార్యాలయపు దస్త్రములలో సైతము ఈ పాత మాట ఒకచోట కనబడును. 1964 నాటి కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తనా నియమావళి 18వ నియమము ననుసరించి, ఉద్యోగి నిర్ణీతమైన వెలకు మించిన వస్తువు కొన్నచో పైయధికారులకు తెలియపరుపవలెను. అయితే భార్య తన స్వంత ధనముతో, తన పేర, తన హక్కున కొన్నదానికి ఈ నిబంధన వర్తింపదని ప్రభుత్వము వివరణ మిచ్చెను. ఆ స్వంత ధనమేదో చెప్పునపుడు వివరణలో వాడిన మాట స్త్రీధనమే. కల్యాణి నగరమున విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానించినది, నెల్లూరి సీమలో కేతన పద్యములలో నిలిపినది అయిన ఆ పదము ఢిల్లీ సచివాలయపు ఉత్తరములో చోటు చేసికొనుట విశేషము. గృహనిర్మాణమునకు ఉద్యోగులకు అప్పులిచ్చు పథకము 1956లో మొదలయ్యెను; అట్టి ఇంటిని భార్యాభర్తలిరువురి పేర ఉంచుకొనుటకు నియమములు అనుమతించును. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పేదల ఇండ్లను గృహిణి పేరనో, దంపతుల జంటపేరులనో ఉండవలెనని కోరెను.

నాటి క్వార్టరులలో పెక్కు నేడు లేవు. సరోజినీనగరము, నేతాజీనగరము మొదలగు కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలుపగా, పాత ఇండ్లు పడగొట్టబడి ఎత్తైన భవనములు లేచుచున్నవి. కలంకారీ తెర కట్టిన కిటికీలు పోయినవి. సున్నపు గోడలు పోయినవి. ఆ ఇండ్లలో కాపురము చేసినవారు కొందరు పదవీవిరమణానంతరము ఊరికి తిరిగి పోయిరి. కొందరు ఢిల్లీలోనే స్థిరపడిరి. తూకమునకు పోకుండ మిగిలిన ఇత్తడి బిందె వారి వెంటనే యున్నది. నేడు దానిలో నీరు పోయువారు లేరు. ముందు గదిలో ఒక మూల నిలిచి అలంకారమైనది. దానిని అక్కడ ఉంచవలెనని ఇరువురు కలిసి నిర్ణయించుకొనిరి. వీధితలుపు ప్రక్క పలకపై భార్యాభర్తల పేర్లు రెండును వ్రాయబడి యున్నవి. బిందె మెడపై మాత్రము చుక్కలు చుక్కలుగ నేటికిని ఒక్క పేరే కలదు; అదియు అట్లే యుండుట న్యాయము.